నాలుగు చెవులాయన

రేవు కంట్రోలు రూములో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. రేడియో మెకానిక్కుగా చేరిన మనిషి, మేడ మీద నాలుగు యాంటెనాలు బిగించిన రోజునుంచీ అందరికీ నాలుగు చెవులాయన అయిపోయాడు. అలా పిలిస్తే పలికేవాడు కూడా. యాంటెనాల మీద కాకి వాలితే కోపం వచ్చేదేమో గానీ, మనుషుల మీద ఆయనకు కోపం రాగా చూసినవాడు లేడు.

ఆయనకున్నది ఒక్కడే తమ్ముడు. తండ్రి పోయాక తనే చేయిపట్టుకుని పెంచాడు, తనే తీసుకొచ్చి లాంచీలో పనికి పెట్టించాడు. ఇప్పుడా తమ్ముడే లాంచీ నడిపే సరంగు. రోజూ పొద్దున్నే అవతలి ఒడ్డునుంచి పనికొచ్చేవాళ్ళను ఎక్కించుకుని రేవుకు తీసుకొస్తాడు. పెళ్ళయి పిల్లలున్నా, అన్నయ్య చెప్పాడంటే వాడికి మరో మాట లేదు.

ఆ నాలుగు యాంటెనాలు దేనికని ఒకసారి మరదలు అడిగింది. ఎవరైనా ఆ మాట అడగడమే పదివేలు ఆయనకు. తింటున్న పళ్ళెం పక్కకు జరిపి మొదలుపెట్టాడు.

"ఓడలన్నీ ఆకాశంలో ఉపగ్రహాలు పంపే సంకేతాల్ని బట్టే దారి చూసుకుంటాయమ్మా. ఎవడైనా దొంగ సంకేతాలు వదిలాడనుకో, తెర మీద చుక్క సరైన దారిలోనే కదులుతుంటుంది, ఓడ మాత్రం ఇంకెక్కడో ఉంటుంది. ఎనిమిది మంది ఎనిమిది మూలల్నించి పిలిస్తే ఒక్కో గొంతు ఒక్కో వైపునించి వస్తుంది కదా? అదే ఒక్కడు తలుపు చాటున కూర్చుని ఎనిమిది గొంతులు మార్చి పిలిస్తే? అన్నీ ఆ తలుపు వైపునించే వస్తాయి. ఒక్క యాంటెనాకి ఆ తేడా తెలీదు. నాలుగుంటే దొరికిపోతాడు, వాటికి తగిలించిన పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుంది."

"మరి మా ఆయన లాంచీకి ఒక్కటేగా ఉంది బావగారూ?"

"వాడికి నేనున్నాను కదమ్మా" అని పళ్ళెం మళ్ళీ దగ్గరకు లాక్కున్నాడు.

ఏడాది కిందట మేడకు రంగులు వేసేవాళ్ళు వచ్చారు. ఒక యాంటెనా కాలు నిచ్చెనకు అడ్డమొచ్చిందని, దాన్ని ఊడదీసి జానెడు పక్కన బిగించి వెళ్ళారు. ఆయన పైకెక్కి బోల్టులు లాగి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. దిగి వచ్చేశాడు. ఇరవై ఏళ్ళు ఇదే పనిలో ఉన్న మనిషి, టేపు పెట్టి కొలవలేదు! నాలుగింటి మధ్య దూరాలను బట్టే లెక్క కట్టుకునే పెట్టె అది. లోపల పాత కొలతలే ఉండేసరికి అసలు సంకేతాలను కూడా దొంగవనుకుని వారంలో మూడుసార్లు ఎర్రదీపం వెలిగించింది. మూడుసార్లూ రేవు ఆపేశారు. ఓడల కెప్టెన్లు రేడియోలో తిట్టిన తిట్లకు కంట్రోలు రూము గోడలు సిగ్గుపడి ఉంటాయి.

నాలుగోసారి వెలగకముందే ఆయన టేపు పట్టుకుని మేడెక్కాడు, తప్పు దొరికింది, సరిచేశాడు. కానీ కంట్రోలు రూము ఆఫీసరు ఊరుకుంటాడా? కొత్త నియమం రాయించాడు. ఎర్రదీపం ఆగకుండా పది నిమిషాలు వెలిగితేనే ఓడలకు చెప్పాలి, అంతవరకూ రేడియోలో ఎవరూ నోరెత్తకూడదు. దాని కింద ఆయన కూడా తలవంచుకుని సంతకం చేశాడు. తప్పు తనదైనప్పుడు ఏ మొహం పెట్టుకుని కాదంటాడు?

ఆ ఉదయం పొగమంచు కిటికీలకు అంటుకుని ఉంది. ఏడూ పదికి ఎర్రదీపం వెలిగింది. ఆయన తీగలు చూశాడు, కొలతలు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎనిమిది సంకేతాలూ ఒకే దిక్కునుంచి వస్తున్నాయి.

"సార్, ఇది నిజంగా దొంగ సంకేతమే. నిన్ననే టేపు పెట్టి కొలిచాను."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "పది నిమిషాలు చూద్దామయ్యా."

"మా తమ్ముడి లాంచీ దారిలో ఉంది సార్. ముప్పై మంది ఉంటారు."

"మూడుసార్లు నీ మాట నమ్మాను. పైవాళ్ళ చేత చీవాట్లు తిన్నది నేను. ఇప్పుడు నీ తమ్ముడి కోసం రేవు ఆపానని రాసుకోమంటావా?"

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తిట్టుకునైనా తృప్తిపడేవాళ్ళం.

ఆయన ఇంక ఆగలేదు. వరండాలోకి వెళ్ళి తమ్ముడికి ఫోను చేశాడు.

"ఒరేయ్, నీ తెర నమ్మకు. దొంగ సంకేతం వస్తోంది."

"చుక్క దారిలోనే ఉందే?"

"అబద్ధం. నమ్మకు."

"సరే అన్నయ్యా" అన్నాడు తమ్ముడు వెంటనే. "మరి నేనెక్కడున్నాను?"

ఆయన అద్దంలోంచి లోపలి పెట్టె వైపు చూశాడు. దొంగ సంకేతమని చెప్పడం వరకే దాని పని. రాడార్లో పెద్ద ఓడ ఒకటి కనపడుతోంది గానీ, కర్ర లాంచీ అలల మధ్య చిక్కదు.

"ఇంజను ఆపు. లంగరు వెయ్యి."

"ఎలా ఆపను? వెనకాల పెద్ద ఓడ కూత వినిపిస్తోంది. నేను వాళ్ళ దారిలోకి వచ్చేసి ఉంటే తొక్కేసి పోతుంది. తప్పుకుందామంటే ఎడమ పక్క రాతికట్ట ఎంత దూరంలో ఉందో తెలీదు. ఎటు తిప్పను? తొందరగా చెప్పు."

మంచులోకి కళ్ళు చించుకుని చూశాడు. వరండా కటకటాలు కూడా కనపడలేదు.

"అన్నయ్యా, ఉన్నావా?"

"ఉన్నాన్రా."

"ఏదో ఒకటి చెప్పు."

"ఎడమకి" అన్నాడు. "కొంచెం ఎడమకి."

ఫోనులో చెక్క విరిగిన చప్పుడు, మనుషుల కేకలు. తర్వాత ఏమీ లేదు. ఆయన లోపలికి పరిగెత్తి చెప్పగానే ఆఫీసరు రక్షణ పడవను పంపాడు. ఆ వెంటనే, సరిగ్గా ఏడూ ఇరవైకి, సంకేతాలు నమ్మవద్దని రేడియోలో ప్రకటించాడు.

లాంచీ రాతికట్టకు కొట్టుకుంది. ముప్పై మందీ రాళ్ళు పట్టుకుని పైకెక్కారు. ఒక్కొక్కరికీ చెయ్యి అందించి దించిన సరంగు, లాంచీ జారిపోయినప్పుడు దాంతోపాటే జారిపోయాడు. మధ్యాహ్నానికి శవమై దొరికాడు. ఆ దొంగ సంకేతం వదిలిందెవరో, ఎందుకు వదిలారో ఎవరికీ తెలియలేదు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మరదలు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆయన వచ్చి కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"లాంచీలో వాళ్ళు చెప్పారు బావగారూ. తిప్పేముందు మా ఆయన అందరికీ ధైర్యం చెప్పారట. భయపడకండి, మా అన్నయ్య ఫోనులో దారి చెప్తున్నాడు, ఆయనకి తెలుసు అన్నారట."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"మీకు తెలిసే చెప్పారుగా?"

అవునంటే ఆమె నమ్మేది. ఆ ఇంట్లో ఆయన మాట కాదన్నవాళ్ళు ఎన్నడూ లేరు.

"తెలీదమ్మా" అన్నాడు.

 ఆమె లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి, అవతలి బెంచీ మీద కూర్చుంది.