అనసూయమ్మ జపాన్ ముచ్చట

తాండూరులో కందిపప్పు దుకాణం నడిపే ఈశ్వరయ్య భార్య అనసూయమ్మకు అరవై ఏళ్లు నిండాయి. ఆ రోజు కొడుకు మనీష్ "ఏం కావాలమ్మా? గాజులా, పట్టుచీరనా?" అని అడిగాడు. ఆమె తడుముకోలేదు.

"నాకు జపాన్ జూడాలని ఉంది."

అందరూ నవ్వారు, కోడలు సంజన తప్ప. మధ్యాహ్నాలు పనులయ్యాక అత్తాకోడళ్లు ఫోనులో చూసేవి జపాన్ వీడియోలే. ఆకు కనబడకుండా విరగబూసిన చెట్లు, వాటి కింద చాపలు పరుచుకుని అన్నం తినే కుటుంబాలు. ఆ కొమ్మల కింద తనూ ఒక పూట కూర్చోవాలని అనసూయమ్మ కోరిక. ఇన్నేళ్లలో ఆమె ఊరు దాటిందంతా మొక్కుల కోసమే. ఊరికే సరదాకని ఎక్కడికీ పోలేదు.

ఈశ్వరయ్య ససేమిరా అన్నాడు. "ఆడ పులుసుల సుత చేపలే ఏస్తరంట. ఏం తిని బతుకుతవ్?"

"చేపలు తినం" అనడానికి "సకనా వా తబెమసెన్" అనాలని సంజన అత్తకు నేర్పింది. ఇక దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఆ మాట వినక తప్పలేదు. మర్పల్లి నుంచి నెయ్యి తెచ్చే శంకరమ్మ అయితే పడీపడీ నవ్వి, "జర మల్లొక్కపారి అనమ్మా" అని అడిగి మరీ నేర్చుకుంది.

అక్కడివాళ్లు స్నానాలు చేసే వేడినీటి ఊటల మాట వచ్చినప్పుడు మాత్రం చిక్కొచ్చింది.

"కోనేట్ల మునిగినట్టేనా?"

"గంతే అత్తమ్మా. కాకపోతే ఒంటిమీద బట్ట ఉండొద్దు. ఆడోళ్లకు వేరే, మగోళ్లకు వేరే."

అనసూయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గట్లయితే ఉత్త కాళ్లే పెడ్త," అని తేల్చేసింది.

ఈశ్వరయ్య ఇంకో పేచీ పెట్టాడు. "గుళ్లన్నీ గుట్టల మీదనేనంట. నీ మోకాళ్లతోని ఎట్ల ఎక్కుతవ్?"

ఆమె ఆదివారం అందరినీ కారెక్కించి అనంతగిరికి తీసుకుపోయింది. పద్మనాభస్వామికి దండం పెట్టుకుని, కుచ్చిళ్లు ఎగదోపి, అడవిలో గుట్ట మీదికి పోయే బాట పట్టింది. నడిచే కొద్దీ ఆమెకు హుషారు ఎక్కువైంది. సగం దారిలో వెనక నుంచి కేక వినబడింది.

"అనసూయా, జర ఆగు!"

ఈశ్వరయ్య బండ మీద కూలబడి రొప్పుతున్నాడు. ఆమె దిగి వచ్చి నీళ్లసీసా చేతికిచ్చింది.

"నేనైతే పోత. మీరు పరేషాన్ గాకుండ్రి, ఇంటికాడనే ఉండుండ్రి," అంది నవ్వుతూ.

ఆయన నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, చెట్లవైపు చూస్తూ అన్నాడు: "నువ్వొక్కదానివే పూల కింద కూసుంటే ఫొటో ఎవరు తీస్తరు?"

అనసూయమ్మ అక్కడే, ఆ బండ మీదే, ఆయన పక్కన కూర్చుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

పూలు పూసే రోజులకు టికెట్లు దొరికాయి. ఈశ్వరయ్య ఇప్పుడు పొద్దున్నే నడకకు పోతున్నాడు. ఎదురైనవాళ్లను ఆపి మరీ చెబుతున్నాడు:

"మేమిద్దరం జపాన్ పోతున్నం."