బీగం వేసిన ఇంట్లో తిరగవాత

నాకు ఇరవై రెండేళ్లున్న కాలంలో కోసిగి పక్క పల్లెల్లో తలుపులనేవి కుక్కల కోసం ఉండేవి. పొద్దున తెరిచినారంటే మళ్లీ పడుకునేటప్పుడే దగ్గరికి వేసేది. ఆ మధ్యలో ఎవరు ఎవరింట్లోకి పోయినా ఎందుకొచ్చినావని అడిగే పనే లేదు. ముందుగా కబురు పెట్టడం, వాకిట్లో నిలబడి తలుపు తట్టడం లాంటివి చేస్తే, ఈ మనిషికి ఒంట్లో బాగలేదేమో అనుకునేవాళ్లు. ఇది చెప్తే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఆ తెరిచిన తలుపుల మధ్య బీగం వేసుకొని, నా బీగానికి నేనే దొరికిపోయిన మనిషిని నేను.

మాది ఆదోని, పత్తి మిల్లుల పక్క సందు. నీళ్ల డ్రమ్ముకు కూడా బీగం వేసే సందు అది. అక్కడ పుట్టి పెరిగిన నన్ను కోసిగి పక్కన ఒక పల్లె బడికి విద్యా వాలంటీరుగా వేసినారు. సుగ్గికి పోయిన వాళ్లిల్లు ఒకటి ఖాళీగా ఉంటే అందులో దిగినాను. (వానలు లేక, పనులు లేక, గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి సంసారమంతా కట్టుకొని మూడు నాలుగు నెలలు పోతారే, దాన్నే ఆ పక్క సుగ్గి అంటారు.) ముందు అరుగు, వెనక పెరడు, మధ్యలో ఒకటిన్నర గది. రాజభవనం అనుకున్నాను. రెండో రోజుకే తెలిసింది, అది రాజభవనం కాదు, బస్టాండు అని.

తల దువ్వుకుంటా ఉంటే ఒకామె వచ్చి నా చేతిలో దువ్వెన లాక్కొని తానే జడ వేసేది. అన్నం తింటా ఉంటే ఎదురింటి ఆయన వచ్చి గోడకు ఆనుకొని కూచోని, చివరి ముద్ద దాకా చూసి, "ఇంత తింటే ఎట్ల బతుకుతావమ్మా" అని లేచిపోయేవాడు. స్నానం చేస్తా ఉంటే తడిక అవతల నుంచి, "నీళ్లు కాగినాయా టీచరమ్మా?" అని పలకరింపు. వీళ్లందరినీ మించింది పక్కింటి అవ్వ. జొన్నరొట్టెలు చేస్తే ఊరంతా వాసన పట్టుకొని వచ్చేది కాబట్టి ఆమెను రొట్టెలవ్వ అనేవాళ్లు. రోజూ సాయంత్రం నేరుగా వంటింట్లోకి వచ్చి, కూర మీద మూత తీసి, వేలు ముంచి నాకి, "ఉప్పు సాల్లేదు" అని చెప్పి పోయేది. ఉప్పు ఎక్కువైన రోజు కూడా అదే మాట.

మామూలు రోజుల్లో ఇదంతా నవ్వుకునేదాన్నేమో గానీ, అప్పుడు నా తల మీద ఒక పరీక్ష ఉండింది. టీచరు పోస్టుల పరీక్ష, రెండోసారి. మొదటిసారి రెండు మార్కుల్లో పోయింది. ఈసారీ పోతే మిల్లు గేటు దగ్గర కూచోని వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకునే పనికి పోవల్లని మా నాయన ముందే ఆడ మాట్లాడి పెట్టినాడు. ఈ ఊర్లో పుస్తకం తెరిస్తే ఒకరు వచ్చి, "ఏం సదువుతాండావు?" అంటారు. చెప్పేలోపల ఇంకొకరు వచ్చి, "ఏమంటాంది?" అని మొదటి వాళ్లను అడుగుతారు.

జనవరిలో బడికి పది రోజులు సెలవులొచ్చినాయి. సెలవులు అయిపోయే నాడే ఆదోనిలో పరీక్ష. ఆదోనికి పోయి చదువుదామంటే అక్కడ అక్క కాన్పుకొచ్చి ఉంది, రెండు గదుల్లో ఎనిమిది మంది. అప్పుడు నా బుర్రలో ఒక బ్రహ్మాండమైన ఆలోచన పుట్టింది. ఊర్లో వాళ్లకు "ఆదోనికి పోతాండా" అని చెప్పినాను. ఇంట్లో వాళ్లకు "స్కూలుంది, రాను" అని చెప్పినాను. అందరూ చూస్తుండగా ముందు తలుపుకు కొత్త బీగం వేసి, సంచి పట్టుకొని బస్సు దారి పట్టి, కంపచెట్ల చాటున చుట్టు తిరిగి వచ్చి, పెరటి తలుపు తీసుకొని లోపలికి దూరి గడియ పెట్టుకున్నాను. బొరుగులు ఒక మూట, బిస్కెట్లు, మూడు బిందెల నీళ్లు. (మిగతా అవసరాలన్నీ కోడి కూయకముందే పెరట్లో. ఇంతకంటే అడగొద్దు.) ఇంత తెలివి నాకే ఉందని ఆ పొద్దు నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. ఆ ఊర్లో పది రోజులు ఎక్కడికి పోయినా తలుపు దగ్గరికి లాగి పక్కింటికి చెప్పి పోతారు, అంతే. బీగం పడిందంటే ఆ ఇల్లు సుగ్గికి పోయినట్టు. సుగ్గికి పోయిన వాళ్ల అరుగు, పెరడు తిరిగి వచ్చేదాకా ఊరందరివీ. సాయంత్రానికే నా అరుగు స్తంభానికి ఎవరిదో దూడను కట్టేసినారు. మరుసటి రోజు ఆడవాళ్లు చెనిక్కాయలు వలిచేకి చేరినారు. ఎదురింటాయన, అంటే నేను తింటుంటే చూసే ఆయన, పొద్దున్నే వచ్చి గోడకు చేరబడేవాడు. ఆయన్ను నిదానమన్న అంటారు. ఇంటికి అగ్గి అంటుకున్నా చెప్పులు ఎతుక్కొని, దులుపుకొని, తొడుక్కొని గానీ లేయడని పేరు.

"ఆదోనికి పొయ్యేదానికి బీగమెందుకు?" అని ఒకామె ఎత్తుకుంది.

"బీగం పడిందంటే సుగ్గికే," అని ఇంకొకామె తేల్చింది.

"టీచర్లకు యాడుంటాది సుగ్గి?"

నిదానమన్న చాలాసేపు ఆలోచించినాడు. "గుంటూరులో కోసిన మిరపకాయలకు హాజరు తీసుకునేకి ఎవురో ఒకరు ఉండల్ల గదా," అన్నాడు.

తలుపుకు ఇవతల నేను, నోట్లో పైటకొంగు కుక్కుకొని. ఇంతలో మాట నా మీదికి తిరిగింది. పిల్ల మంచిదేనంట, పాఠం బాగా చెప్తాదంట, నడక మాత్రం బాకీ వసూలుకు పోయే మాదిరి ఉంటాదంట. చివరికి అందరూ కలిసి, ఉప్పు సంగతి మాత్రం దానికి తెలీదని ఒప్పుకున్నారు. తలుపు తీసుకొని పోయి ఉప్పు గురించి వాదిద్దామా అన్నంత కోపమొచ్చింది నాకు. బీగం బయట ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాను.

నాలుగో రోజుకు వట్టి బొరుగులు నమిలి నమిలి దవడలు పీక్కుపోయినాయి. మధ్యాహ్నం అరుగు మీద సందడి లేదు కదా అని, బొరుగులు నానేసి, స్టవ్వు ముట్టించి ఉగ్గాణికి తిరగవాత వేసినాను. నూనె కాగిందో లేదో, ఎండుమిరపకాయ మాడి ఘాటు లేచింది. బయట ఒక తుమ్ము వినపడింది. తర్వాత నాలుగు. దూడ కూడా తుమ్మింది.

"ఎవురింట్లో తిరగవాత?"

"ఈ ఇంట్లో నుంచే వస్తాంది."

"బీగముంది గదనే."

"మరి దయ్యమా?"

మళ్లీ నిదానమన్నే నోరు తెరిచినాడు. "దయ్యాలు ఉగ్గాణి తినవు."

"నీకెట్ల తెలుసు?"

"మా అత్త సచ్చిపోయి పదైదేండ్లాయ. బతికున్నప్పుడు దానికి ఉగ్గాణి అంటే పానం. ఒక్క దినం కూడా వచ్చి అడగలేదు."

అప్పుడు రొట్టెలవ్వ గొంతు వినపడింది. "మీ ముక్కులు మండ. అది నా పొయ్యి మీద వాసన. ఈడ గుంపు కట్టకుండా పనులకు పోండి." అందరూ పోయినారు. నేను నా అదృష్టానికి మురిసిపోతా చల్లారిన ఉగ్గాణి తిన్నాను. (నిజంగానే ఉప్పు చాల్లేదు.)

ఏడో రోజు సాయంత్రం చెనిక్కాయలు వలుస్తా ఒకామె అన్నది, "నాకు మంగళవారం, సుక్కురారం వంతు. పొద్దు గూకే యాళకు కాళ్లు ఈ ఇంటి పక్కకే లాగుతాండాయి. టీచరమ్మ లేకపోయె." ఇంకొకామె, "నాది బుధవారం," అన్నది. వంతేమిటి, వారమేమిటి అని నేను తలుపుకు చెవి ఆనించినాను. మాటల్లో తెలిసింది. నేను ఆ ఊరికొచ్చిన మొదటి రోజు పడుకొని ఏడ్చినానంట. (ఏడ్చినాను. ఎవరికీ వినపడలేదనుకున్నాను.) గోడ అవతల అవ్వకు వినపడింది. తెల్లారి వీధిలో అందరినీ పిలిచి చెప్పిందంట, "ఒంటి ఆడబిడ్డ, బుగులు పడతాంది. పడుకునేదాకా ఆ ఇంట్లో ఎవురో ఒకరు ఉండల్ల, వంతులేసుకోండి" అని. జడ వేసేదొకరు, తిన్నానో లేదో చూసేదొకరు, స్నానం తడిక కాడ పలకరించేదొకరు. కూర రుచి అవ్వది.

ఒడిలో పుస్తకం తెరిచే ఉంది. ఆ పేజీలో ఏముందో నాకు ఇప్పటికీ రాదు.

అప్పుడైనా బయటికి వచ్చి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం పెరట్లో కరకర శబ్దమైతే తలుపు సందులో నుంచి చూసినాను. అవ్వ ఆ రోజు కోసిగి సంతకు పోయి ఉంది. నిదానమన్న బండెడు పత్తికట్టె తెచ్చి, సుగ్గికి పోయినోళ్ల పెరడే కదా అని, నా పెరటి తలుపుకు ఆనించి పేరుస్తా ఉన్నాడు. ఒక్కొక్క కట్టె తీసి, చూసి, తిప్పి, పెట్టి. సాయంత్రం దాకా పట్టింది ఆయనకు. అంటే "అన్నా, వద్దు" అనేకి నాకు నాలుగు గంటల టైముండింది. నోరు తెరిస్తే అబద్ధం బయటపడుతుంది, పైగా వాళ్ల మాటలన్నీ దొంగచాటుగా విన్నానని తెలిసిపోతుంది. పరీక్ష రేపు కదా, రేపు చూసుకుందామని నోరు మూసుకున్నాను.

రేపు వచ్చింది. మిగిలిన నీళ్లతో మొహం కడుక్కొని, హాల్ టికెట్టు సంచిలో పెట్టుకొని, పెరటి తలుపు తీస్తే గడప నుంచి పైకప్పు దాకా పత్తికట్టె. ఒకటి లాగితే పది లోపలికి పడినాయి. ఆదోని బస్సు ఆరున్నరకు. అది పోతే మళ్లీ పదకొండుకు, పరీక్ష పదికి. కళ్ల ముందు మిల్లు గేటు, వరసగా లారీలు కనపడినాయి. ఇంక సిగ్గు లేదు, గిగ్గు లేదు. ముందు కిటికీ దగ్గరికి పోతే అరుగు మీద నిదానమన్న వేపపుల్ల నములుతా కూచోని ఉన్నాడు.

"అన్నా," అన్నాను మెల్లగా.

ఆయన దూడ వైపు చూసినాడు.

"అన్నా, నేను టీచర్ని. లోపలున్నాను. ఆరున్నర బస్సుకు పోవల్ల, పరీక్షుంది."

కిటికీ చువ్వల్లో నుంచి బీగంచెవితో నా చెయ్యి బయటికొచ్చింది. నిదానమన్న తన జన్మలో మొదటిసారి పరిగెత్తినాడు, చెప్పులు కూడా లేకుండా. నిమిషంలో వీధంతా చేరింది. బీగంచెవి మాత్రం ఎవరూ అందుకోరు. దూరంగా నిలబడి ప్రశ్నలే.

"బీగం తీయకుండా లోపలికి ఎట్ల పోయినావమ్మా?"

"కాళ్లు చూపియ్యి, ముందుకుండాయో ఎనక్కుండాయో."

కిటికీలో నుంచి కాళ్లెట్ల చూపించేది? నేను ఏడుపు అందుకున్నాను. అప్పుడు గుంపును తోసుకుంటా అవ్వ వచ్చింది. గబుక్కున చెవి తీసుకొని బీగం తీసి తలుపు తోసింది.

"నీకు భయం లేదా అవ్వా?" అన్నాను వెక్కుతానే.

"ఎందుకు భయం? నా మంచం ఈ గోడకే గదమ్మా. పదినాళ్ల నుంచి నువ్వు సదివేది ఇంటానే ఉండా. మూడు మూలలు కూడితే నూట ఎనబై. నీకంటే ముందు నాకే వచ్చె." అని, ఒక గుడ్డ మూట చేతిలో పెట్టింది. రెండు రొట్టెలు, చెనిక్కాయల పొడి. "నువ్వు సదువుకునేకి దాంకున్నావని తెలుసు. అందుకే ఎవుర్నీ తలుపు కాడికి రానీలేదు. ఈ కట్టె పేర్చిన సంగతే నాకు తెలీలే. పో, బస్సొస్తాది."

బస్సు హారను అప్పటికే ఊరి మొదట్లో వినపడింది. నేను చెప్పులు చేత పట్టుకొని ఉరికినాను. నేను రోడ్డెక్కేసరికి బస్సు స్టాపు దాటి పోవల్ల. పోలేదు. దాని ముందర, రోడ్డు నట్టనడుమ నిదానమన్న నడుస్తా ఉన్నాడు. మళ్లీ తన మామూలు నడక. డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తీయడం లేదు. ఆయన తిరిగి చూడడం లేదు. ఒక్కొక్క అడుగు తీసి, చూసి, పెడతా ఉన్నాడు, నిన్న కట్టె పేర్చినట్టే. నేను ఎక్కి కూచున్నాక పక్కకు జరిగి, కిటికీ కాడికి వచ్చి, "బాగా రాయమ్మా, కట్టె తీసేస్తాలే," అన్నాడు. (తీసేకి వారం పట్టిందంట.)

మూడు మూలల లెక్క పరీక్షలో రాలేదు. అదొక్కటే నాకు బాధ. ఉద్యోగం వచ్చింది, ఎమ్మిగనూరు పక్క వేసినారు. ఊరు వదిలే రోజు బీగంచెవి అడిగితే అవ్వ తన కొంగు ముడి తడిమి చూసుకొని, "బీగం నువ్వు తీసుకపో. చెవి నా కాడే ఉండనీ. ఎప్పుడన్నా ఏసుకోవల్లని ఆశ పుడితే, తీపిచ్చుకునేకి నా కాడికే రావల్ల నువ్వు," అన్నది. అవ్వ పోయి నాలుగేళ్లాయె. చెవి ఎవరి దగ్గరుందో తెలీదు. బీగం మా వాకిలి పక్కన మేకుకు వేలాడుతా ఉంది, నోరు తెరుచుకొని.

ఇప్పుడు ఎమ్మిగనూరులో మా ఇంటికి గ్రిల్లు గేటుంది, దాని వెనక తలుపుంది, పైన కెమెరా ఉంది. ఆ కెమెరాలో ఎవరొస్తారా అని నేనే చూస్తుంటాను. గ్యాసు బండ అబ్బాయి, ఒక పిల్లి. మిగిలిన వాళ్లంతా ఫోను చేసి, "మేడం, పది నిమిషాలు రావచ్చా?" అని అడుగుతారు. అడిగి, ఆ పది నిమిషాలకు కూడా రారు. పోయిన ఆదివారం పేపర్లు దిద్దుకుంటా ఉంటే పక్కింటి అమ్మాయి ఫోను చేసింది, గోడ అవతల నుంచే. "మేడం, మీ గేటు, తలుపు రెండూ తెరిచే ఉన్నాయి, చూసుకోండి."

"ఉండనీ తల్లీ, నేనే తెరిచిపెట్టినా."

"దొంగలొస్తారు మేడం."

వాళ్లైనా రానీ అనబోయి నాలుక కరుచుకున్నాను. ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి, మా ఇంట్లో వాళ్లకు చాలినంత కాక ఇంకో నలుగురికి సరిపడేటన్ని బొరుగులు నానేసినాను. ఉప్పు చూసి వేసినాను, కొంచెం తక్కువే. నూనె కాగినాక ఎండుమిరపకాయలు రెండు ఎక్కువ తుంచి వేసి, ఘాటు వీధిలోకి బాగా పోయేటట్టు తలుపు ఇంకొంచెం బార్లా తీసి పెట్టినాను.