కోటమ్మ పిన్ని రంగూన్ బొమ్మ

ఈ మాట మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లూ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది, మింగుడుపడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పడం కాస్త తేలిక.

నేను తెనాలిలో కీళ్ల బొమ్మలు చేస్తాను. తేలిక కర్రతో చేతులూ కాళ్లూ చెక్కి, ప్రతి కీలులో గచ్చకాయంత కర్ర గుండు పెట్టి, సైకిల్ ట్యూబు సన్నగా కోసి లోపలినుంచి లాగి బిగిస్తాను. కూర్చోబెడితే కూర్చుంటుంది, చేతులు జోడిస్తే దణ్ణం పెడుతుంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదట, ఎంత తెలివో అంటారు జనం. నేను కాదనను. నిజమే కదా, ఎవరూ నేర్పలేదు. మరి ఎలా వచ్చింది?

అరవైల్లో ఒక దసరాకి రేపల్లె నుంచి కోటమ్మ పిన్ని బొమ్మను అడిగి తెచ్చుకున్నాను. కొలువుకి ఒకరి బొమ్మలు ఒకరికి ఇచ్చుకోవడం మాలో మామూలే. పిన్ని భర్త రంగూన్ నుంచి పంపిన బొమ్మ అది. ఆయన మాత్రం తిరిగి రాలేదు.

పండగన్నాళ్లూ నా కళ్లు దాని మోకాళ్ల మీదే. ఎంత వంచితే అంతవరకే ఎలా ఆగుతోంది? పేరంటాళ్లకు శనగలు పంచుతున్నానే గానీ ధ్యాసంతా అక్కడే. పండగ కాగానే, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం, తల పట్టుకుని పైకి లాగాను. మెడ కింద చిన్న కొక్కెం, దానికి రబ్బరు తాడు. ఇంకొంచెం సాగదీశాను. పాత రబ్బరు, పుటుక్కుమంది. చేతులు, కాళ్లు, గుండ్లు అన్నీ చాప మీద దొర్లాయి.

ఏడవాలి కదా? ఏడవలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, సంతోషం వేసింది. ఓస్, ఇంతేనా అనిపించింది. పిన్ని ఆ తర్వాతెప్పుడో గుర్తుకొచ్చింది. పూలు కట్టే దారంతో ముక్కలన్నీ ముడేసి గుడ్డలో చుట్టాను. మోకాలి గుండు ఒకటి మాత్రం కొలతకని దాచుకున్నాను. ముందు ఎవరు ఎత్తితే వాళ్ల చేతిలోనే ఊడిపోతుందని నాకు తెలుసు. తెలిసే కట్టాను.

రేపల్లెలో మూట విప్పింది శారద. పిన్ని మరిది కూతురు, అమ్మానాన్నా లేక ఆ ఇంట్లోనే పెరుగుతున్న చిన్నపిల్ల. ఆ బొమ్మంటే దానికి ప్రాణం. ఆత్రంగా నడుం పట్టుకుని ఎత్తింది. కాళ్లు రెండూ ఊడి కింద పడ్డాయి.

"ఓసి నీ చేతులు పడిపోనూ! ఎంత పని చేశావే!" అని పిన్ని దాని వీపు మీద ఒక్కటి వేసింది.

"నేనేం చేయలేదు పెద్దమ్మా, ఒట్టు!"

పిన్ని నా వైపు తిరిగింది. "నువ్వు తెచ్చినప్పుడు బానే ఉందిగా అమ్మాయ్?"

"బానే ఉంది పిన్నీ. పిల్లల చేతికిస్తే అంతేగా!" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! గుండు ఎక్కడో దొర్లిపోయిందనుకుని పిన్ని మంచాల కిందా బీరువా కిందా వెతికింది. ఆమెతో పాటు నేనూ వంగి వెతికాను. శారద ఏడుస్తూనే చీపురుతో మూలలన్నీ ఊడ్చింది.

నెల తిరక్కుండా పిన్ని ఆ పిల్లను బాపట్లలో మేనమామ ఇంటికి పంపేసింది. చూస్తే బొమ్మే గుర్తొస్తోందని అందట. నేను ఇక్కడ చెక్కడం మొదలుపెట్టాను.

డెబ్బైల చివర, పిన్ని పోయాక, శారద తన కూతుర్ని వెంటబెట్టుకుని బాపట్ల నుంచి మా ఇంటికి వచ్చింది. పిల్లకి బొమ్మ కావాలట. ఉన్నవాటిలో మంచిది తీసి అందించాను. శారద చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది.

"పిల్లకివ్వండక్కా, నాకొద్దు. నేను ముట్టుకుంటే విరిగిపోతాయి," అంది నవ్వుతూ.

అప్పుడైనా చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? పేరు పోతుందనా? కావచ్చు. డబ్బులు వద్దన్నాను, అదేదో పెద్ద ఉపకారం చేసినట్టు. ఛీ, ఏం మనిషిని!

బాపట్ల ఎంత దూరమని? రైలెక్కితే చాలు. ఇప్పటికీ వెళ్లలేదు, వెళతానని మీకు మాట కూడా ఇవ్వను. రాశాక గుండె కాస్త తేలికైన మాట నిజం. ఆ తేలిక శారదకు దక్కాల్సింది, నాకు కాదు. అయినా ఒక్కసారైనా ఈ మాట నా చేత్తో రాయాలి. ఆ బొమ్మను విరిచింది శారద కాదు. నేను.