కుడి భుజం మీది పువ్వు

పదమూడేళ్లుగా మోస్తున్నాను. మోయగా మోయగా బరువు అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు రాస్తున్నాను. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. మాట ముందువెనుకలైతే సర్దుకోండి.

మా కుటుంబం ఆస్ట్రేలియా పోవలసింది. పోలేదు. అమ్మవారు వద్దంది కాబట్టి ఆగిపోయామని మా బంధువులంతా అనుకుంటారు. మా ఆయన కూడా అలాగే అనుకున్నాడు. అమ్మవారు వద్దనలేదు. ఆమె పేరు పెట్టి నేను వద్దన్నాను.

రాసేశాను. రెండు ముక్కలే. ఈ రెండు ముక్కలకు పదమూడేళ్లు పట్టింది.

మేముండేది హిందూపురంలో. నా పుట్టిల్లు ధర్మవరం. ఆయన నాకు మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచి బావా అనే పిలుస్తాను. వెల్డరు. అప్పట్లో హిందూపురం దగ్గరే ఒక ఫ్యాక్టరీలో పని. నేను వారానికి మూడు రోజులు పొద్దున్నే రైలెక్కి ధర్మవరం పోయేదాన్ని, మగ్గాల ఇళ్లకు అచ్చు అతకడానికి. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే, దాని పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల కొసలు కలిపి, వేళ్లకు బూడిద రాసుకుని ఒక్కొక్కటీ మెలిపెట్టాలి. వేల పోగులు. పట్టు పోగు కంటికి సరిగా ఆనదు, వేలికే తెలుస్తుంది. నా అతుకు ఊడిందని ఏ మగ్గం ఇంటివాళ్లూ ఎప్పుడూ అనలేదు. గొప్పకు చెప్పడం లేదు. కాదు, కొంచెం గొప్పకే చెబుతున్నాను. నేను చేసిన తప్పు కూడా ఆ వేళ్లతోనే చేశాను.

మా పాపకు ఎనిమిదో ఏడు నడుస్తున్నప్పుడు బావ బెంగళూరు పోయి ఏదో పని పరీక్ష రాసొచ్చాడు. రాయడమంటే ఇనుము అతికి చూపించడమే. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. పని ఖాయం, భార్యాబిడ్డలను కూడా వెంట తెచ్చుకోవచ్చు, నచ్చితే అక్కడే ఉండిపోవచ్చు, రెండు వారాల్లో జవాబు చెప్పాలి. ఆ కాగితాన్ని ఆయన రోజుకు పదిసార్లు చదివాడు. సాయంత్రం పనినుంచి రాగానే పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకునేవాడు. తండ్రీ కూతుళ్లు ఒకరి తప్పులకు ఒకరు నవ్వుకునేవాళ్లు. నేను వంటింట్లోంచి వినేదాన్ని. ఒకసారి నన్నూ పిలిచారు. ఒక మాట చెప్పమన్నారు, చెప్పాను. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఎక్కడో చురుక్కుమంది.

ఆయన తన అంతట తాను తీర్మానించే మనిషి కాదు. ఒకరోజు నన్ను రైలెక్కించడానికి స్టేషనుకు వచ్చి, ప్లాట్‌ఫారం మీద నిలబడి అడిగాడు.

"నీకు ఇష్టమేనా? ఉండేది ఉన్నట్టు చెప్పు. నువ్వు వద్దంటే ఈ కాగితం ఈన్నే చించేస్తా."

"నాదేముంది బావా. నువ్వు యాడికి పోదామంటే ఆడికి."

ఆయన నా మొహంలోకి చూశాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. రైలు వచ్చే చప్పుడైంది. అప్పుడు నేనే అన్నాను, పువ్వు అడుగుదామని. ఆ మాటతో ఆయన మొహం విచ్చుకుంది.

మా ఇళ్లలో పెద్ద పని ఏదైనా పువ్వు అడిగే చేస్తారు. పెళ్లి, బోరు, ఇంటికి పునాది, ఏదైనా సరే. అమ్మవారి రెండు భుజాల మీద తడి పువ్వులు రెండు అంటిస్తారు. దండం పెట్టుకుని ఎదురుచూస్తారు. కుడి భుజం మీది పువ్వు ముందు రాలితే సరేనన్నట్టు. ఎడమది రాలితే వద్దన్నట్టు. ఆ తర్వాత ఇంకెవరూ నోరెత్తరు. మా ఇలవేల్పు గుడి పెనుకొండకు ఇవతల ఒక గుట్ట కింద ఉంది. ధర్మవరం రైల్లో పోతుంటే కిటికీలోంచి కనిపిస్తుంది.

మంగళవారం పోయాం, బావ, నేను, పాప. గుడి పూజారి మా తాత వరస. అప్పటికే ఆయనకు చూపు మందగించింది, చేతులు వణికేవి. పువ్వులు పెట్టే పని ఇంటి ఆడవాళ్లకే వదిలేసేవాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. చేమంతులు రెండూ తడిపి నా చేతిలో పెట్టాడు. బావ పాపను ఎత్తుకుని కళ్లు మూసుకున్నాడు. ఎడమ భుజం మీద పువ్వును ఊరికే ఆనించాను. కుడి భుజం మీది పువ్వు కాడకు ఒక పట్టు పోగు మెలిపెట్టి, ఆ పోగు రెండో కొసను అమ్మవారి మెడలోని వెండి గొలుసుకు అతికాను. రెప్పపాటు పని. కళ్లు మూసుకున్నా నా వేళ్లు ఆ పని చేయగలవు.

చాలా ఏళ్లు నాకు నేను ఒక అబద్ధం చెప్పుకున్నాను. పోగు నా చీరకు అంటుకుని వచ్చిందని, చేతికి తగిలితే అప్పటికప్పుడు బుద్ధి పుట్టిందని. అచ్చు అతికేవాళ్ల చీరలకు పోగులు అంటుకునే ఉంటాయి, అది నిజమే. కానీ ఆ పోగు అలా రాలేదు. ముందురోజు ధర్మవరంలో ఏరి, మంచి బలమైనది చూసి, ఉంగరం వేలికి చుట్టుకుని తెచ్చుకున్నాను. రాత్రంతా అది నా వేలి మీదే ఉంది. అంటే తెలిసి చేశాను. తెలిసి చేసినదాన్ని తెలియక చేసినట్టు చెప్పుకోవడం ఇంకో తప్పు కాదా?

ఎడమ పువ్వు రాలింది. ఎంతోసేపు పట్టలేదు. బావ కళ్లు తెరిచి, కింద పడిన పువ్వును చూశాడు, మళ్లీ భుజం వైపు చూశాడు. వంగి ఆ పువ్వును తీసి కళ్లకద్దుకున్నాడు. పూజారి తాత, మంచికేలే అబ్బా అన్నాడు. అమ్మవారి గొలుసు సర్దుతున్నట్టు నేను చేయి పెట్టి పోగు తెంపాను. కుడి పువ్వు నా చేతిలోకి వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. జడలో తురుముకున్నాను.

గుడి నుంచి తిరిగొస్తుంటే పాప అంది, నాయనా, అమ్మ పువ్వు చూడు, బాగుంది కదా అని. ఆయన చూశాడు. బాగుందమ్మా అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా కాల్చింది అబద్ధం కాదు, ఆ మాట.

ఎందుకు చేశాను? ఇది ఆయనకు కూడా చెప్పలేదు. మీకే చెబుతున్నాను. పుట్టిల్లు దూరమవుతుందనో, పాప మన మాట మరిచిపోతుందనో అయితే చెప్పుకోవడానికి బాగుండేది. అవేవీ కాదు. మా ఇంట్లో మాట నాది. ఏ కూర వండాలి మొదలుకుని ఏ పెళ్లికి పోవాలి అన్నదాకా నేను చెప్పిందే. ధర్మవరంలో నాలుగు వీధులకు నా పేరు తెలుసు, నేను వస్తానంటే మగ్గం ఆపుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాలో మగ్గం లేదు. అక్కడికి పోతే ఆయన పెద్దవాడవుతాడు, నేను ఆయన వెనకాల చేతులు ముడుచుకుని నిలబడే మనిషినవుతాను, అంగట్లో ఉప్పు అడగడానికి కూడా కూతుర్ని వెంటబెట్టుకుని పోవలసి వస్తుంది. ఆ నవ్వు గుర్తొచ్చేది. వాళ్లిద్దరూ నన్ను వదిలేసి ముందుకు పోతున్నారనిపించింది. ఆయన ఎదగడం నేను ఓర్చలేకపోయాను. కట్టుకున్నవాడి మీద అసూయ. ఇంతకంటే మంచి మాట దొరికితే రాసేదాన్ని.

వద్దని నోటితో అని ఉండవచ్చు కదా? అడిగాడు కదా? కాగితం చించేస్తానన్నాడు కదా? వద్దని ఉంటే, ఆ చించిన కాగితం తలుచుకున్నప్పుడల్లా నా మొహం గుర్తొస్తుంది ఆయనకు. నేను చెడ్డదాన్ని అనిపించుకోదల్చుకోలేదు. కోరిక నాది, చెడ్డపేరు అమ్మవారిది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తాగాను.

తర్వాత ఆయన బాగానే ఉన్నాడు. అలా అని నేను అనుకున్నాను. పెనుకొండ దగ్గర పెద్ద ఫ్యాక్టరీలో పని దొరికింది, కంపెనీ బస్సు ఎక్కి పోయొస్తాడు. నవ్వుతాడు, తింటాడు. కానీ దేనికీ చేయి చాచడు. పై పనికి పేరు ఇస్తామంటే వద్దన్నాడు. ఇంటి మీద గది వేద్దామంటే, మనకు రాసిపెట్టిందేదో ఉందిలే అన్నాడు. మంగళవారాలు చప్పిడి తినడం మొదలుపెట్టాడు. ఏటా అమ్మవారికి చీర తీసుకుని పోతామా, ఆయన మాత్రం గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. బయటే నిలబడి దండం పెట్టుకునేవాడు. నేను దాన్ని భక్తి అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, అనుకోవడం నాకు వీలుగా ఉండిందా?

మా పాప నర్సింగు చదివి, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటోంది. ఈ ఏడాది జర్మనీలో పని ఉందని, అక్కడి భాష నేర్పించి తీసుకుపోతారని, దరఖాస్తు పెడతానని అంది. బావ ఒప్పుకోలేదు. ఎప్పుడూ బిడ్డ మాట కాదననివాడు గట్టిగా వద్దన్నాడు. పాప ఏడ్చింది. పోనీ పువ్వు అడుగు నాయనా, అమ్మవారు వద్దంటే మానుకుంటానంది. అందుకూ ఆయన ఒప్పుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం, కుక్కరు పిడి ఊడితే బిగిస్తూ కూర్చుని, తల ఎత్తకుండా నాతో అన్నాడు.

"నన్ను వద్దన్న తల్లి దాన్ని మాత్రం పొమ్మంటుందా? అడిగి, కాదనిపించుకుని, అదీ నా మాదిరే బతకల్లా?"

నా మాదిరే. ఆ మాట విన్నాక ఇంక నోరు ఆగలేదు. ఆగకపోవడం నా మంచితనం కాదు. నా తప్పు నా బిడ్డ కాళ్లకు అడ్డం పడుతుంటే చూడలేకపోయాను, అంతే. నేల మీద ఆయన ఎదురుగా కూర్చున్నాను. పోగు సంగతి చెప్పాను. వేలికి చుట్టుకుని తెచ్చానని కూడా చెప్పాను. జడలో పెట్టుకున్న పువ్వు ఏదో చెప్పాను. చెబుతున్నంతసేపు ఆయన స్క్రూడ్రైవరు తిప్పుతూనే ఉన్నాడు. పిడి ఎప్పుడో బిగిసిపోయింది.

అరుస్తాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను, ఎప్పుడూ చేయెత్తని మనిషి. ఆస్ట్రేలియా మాట ఎత్తలేదు. పోయిన బతుకు గురించి ఒక్క ముక్క అడగలేదు. అడిగింది ఒకటే.

"అంటే, ఆయమ్మ నన్ను వద్దనలేదా?"

"అనలేదు బావా. అన్నింది నేను."

"నేనేం పాపం చేసింటినో అని..." అని ఆగిపోయాడు. మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. చేతులు తీసేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. కానీ భుజాలు దిగాయి. ఎన్నేళ్లుగా అవి బిగుసుకుని ఉన్నాయో నాకు అప్పుడు తెలిసింది. ఆస్ట్రేలియా పోనందుకు ఈ మనిషి కుంగిపోయాడని నేను అప్పుడప్పుడు అనుకునేదాన్ని. కాదు. తనలో ఏదో దోషం ఉందని, తల్లే తనను పక్కకు నెట్టిందని నమ్మి, ఆ దోషం ఏమిటో వెతుక్కుంటూ పదమూడేళ్లు ఆ గడప బయట నిలబడ్డాడు. నేను ఆయన నుంచి తీసుకున్నది ఒక దేశాన్ని కాదు. ఇంత పక్కన పడుకుని నాకు ఆ సంగతి తెలియలేదు.

ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. ఎక్కడికని అడగలేదు, తెలుసు. నేనూ రానా అన్నాను. వద్దు, నేనొక్కణ్ణే పోయొస్తా అన్నాడు. కోపంగా అనలేదు. దగ్గరగానూ అనలేదు.

చీకటి పడకముందే తిరిగొచ్చాడు. నొసట కుంకుమ ఉంది. గుడి గడప లోపలికి పోయి అమ్మవారిని దగ్గర నుంచి చూశానని పాపకు ఫోన్లో చెప్పాడు. దరఖాస్తు పెట్టుకో తల్లీ, పువ్వూ వద్దు ఏమీ వద్దు, నీకు పోవాలని ఉంటే పో, నీ నోటితో నువ్వు చెప్పినావు కదా, అది చాలు అన్నాడు. ఆ చివరి మాట నాకు వినపడాలని అన్నాడో లేదో తెలియదు. పాపకు ఇవ్వడానికి కుంకుమ పొట్లం కట్టించుకొచ్చాడు. నా చేతికిచ్చి దేవుడి గూట్లో పెట్టమన్నాడు. పెట్టాను. పొట్లం విప్పి నా నొసట పెట్టుకోలేదు. ఆయన పెట్టలేదు, నేను అడగలేదు.

ఇది జరిగి మూడు వారాలైంది. నన్ను క్షమించానని ఆయన అనలేదు. అంటాడని ఎదురుచూడడం కూడా మానేశాను. పొద్దున డబ్బా కట్టిస్తే పట్టుకుని బస్సుకు పోతాడు, సాయంత్రం వస్తాడు, ఫ్యాక్టరీలో పై పనికి ఈసారి పేరు ఇచ్చానని నాతో కాదు, పాపతో చెప్పాడు. నాతో మాట్లాడవలసినంతే మాట్లాడతాడు. ఒకోసారి అన్నం తింటూ నా వేళ్ల వైపు చూస్తాడు. నేను వేళ్లు దాచుకోను. చూడనీ.

అసూయ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదని అన్నాను కదా. చెప్పాలి. ఈ కాగితాలు రాయడం అందుకే మొదలుపెట్టాను, ముందు మీ దగ్గర నోరు తిరగాలని. తిరిగింది. చెబితే ఇప్పుడు మాట్లాడే ఆ నాలుగు మాటలు కూడా పోవచ్చు. పోతే పోనీ. ఆ ఆదివారం ఆయన గుడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నేను పెట్టిన అన్నం తిని లేచాక, అదే చోట కూర్చుని నేనూ వడ్డించుకున్నాను. ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ఆకలేసింది. రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాను.