మైమూనక్క సిరంజి నింపే తీరు

మైమూనక్క ఒక్క ఇంజెక్షన్ సిద్ధం చేసేలోపు నేను మూడు చేసేదాన్ని. సిరిసిల్లలో మా నర్సింగ్‌హోంలో చేరిన కొత్తలో ఈ మాట గొప్పగా చెప్పుకుని తిరిగాను కూడా. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పేరు వందన. జగిత్యాలలో నర్సింగ్ చదివి, ఇరవై రెండేళ్లకు ఇక్కడ ఉద్యోగంలో చేరాను. నోరు పెద్దది, ఓపిక తక్కువ. అలాంటి నన్ను తీసుకెళ్లి మైమూనా బీ చేతికింద వేశారు. ఆమెది కోరుట్ల. వాళ్లమ్మ బీడీలు చుట్టి చదివించింది. పెళ్లయి సిరిసిల్ల వచ్చి ఇరవై ఎనిమిదేళ్లుగా అదే నర్సింగ్‌హోంలో పనిచేస్తోంది. భర్త బషీర్ ముస్తాబాద్ రూట్లో ఆటో నడుపుతాడు. మైమూనక్క మనిషి పొట్టి, కళ్లద్దాలు ముక్కు చివరకు జారి ఉంటాయి. గొంతు మాత్రం వార్డు ఈ కొస నుంచి ఆ కొసకు వినబడుతుంది.

ఆమె పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండేది. ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. ట్రే తుడుస్తుంది. మందు సీసా తీసుకుని పేరు, బలం, గడువు తేదీ పైకి చదువుతుంది. రబ్బరు మూతను స్పిరిట్ దూదితో రుద్ది, అది ఆరేదాకా ఊరికే నిలబడుతుంది. తొందరగా ఆరుతుందని ఒకరోజు నేను నోటితో ఊదాను. “నీ నోట్ల ఉన్న క్రిములన్నిటికి దావత్ ఇస్తున్నవా బిడ్డా?” అని, మళ్లీ మొదటి నుంచి తుడిపించింది.

అక్కడితో అయిపోదు. ఎంత మందు కావాలో అంత గాలి ముందు సీసాలోకి పంపాలి. సీసాను తలకిందులు చేసి, సూది మొన మందులో మునిగి ఉండేటట్టు పట్టుకుని నెమ్మదిగా లాగాలి. బుడగలుంటే గోటితో తట్టి పైకి రప్పించి పంపేయాలి. సిరంజిని కళ్లకు సూటిగా పెట్టుకుని గీత చూడాలి. తర్వాత మళ్లీ సీసా చదవాలి. సీసా లోపల పెట్టేటప్పుడు మూడోసారి. అదే ఇన్సులిన్ అయితే పక్కన ఇంకో నర్సు ఉండి తీరాలి. సీసా, సిరంజి రెండూ ఆమె ముందు పట్టి, ఒక్క అక్షరం వదలకుండా వినిపించాలి. వార్డులో వాళ్లు నవ్వుకునేవాళ్లు. “మైమూనమ్మ సీసాతోని ముచ్చట వెట్టింది, ఇగ మనం ఒక కునుకు తీయొచ్చు” అని మల్లయ్య అనే పేషెంటు ఒకాయన రోజూ అనేవాడు. ఆమె కూడా నవ్వేది. పద్ధతి మాత్రం మార్చేది కాదు.

ఒకసారి పని తొందరలో నేను సీసా మూతకు సూది గుచ్చి అట్లాగే వదిలేశాను. మాటిమాటికీ గుచ్చే పని తప్పుతుందని చాలామంది చేసే పనే. మైమూనక్క ఒక్క మాట అనలేదు. సగం మందున్న ఆ సీసాను తీసి పారేసి, కొత్తది తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ సూది బోలుగా ఉంటుంది కదా, అది గుచ్చి ఉన్నంతసేపూ సీసా తలుపు తెరిచి పెట్టినట్టే. ఈ సంగతి నాకు ఆ తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం, తిట్టి ఉంటే బాగుండేదనుకుని రోజంతా మొహం మాడ్చుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది పోయిన ఏడాది మాట.

తంగళ్ళపల్లి నుంచి లసుమవ్వ అనే ఆమె కాలి పుండుతో మా దగ్గర చేరింది. యాభై ఆరేళ్లు. షుగరు మనిషి. ఇంట్లో నాలుగు సాంచెలున్నాయి. సాంచెలంటే మరమగ్గాలే. భర్త రాజయ్య వాటిని నడిపితే, ఈమె నూలు కండెలు చుట్టేది. రాజయ్యకూ షుగరే. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఎవరి ఇన్సులిన్ వాళ్లే వేసుకుంటారు. ఏళ్లుగా అలవాటైన పని.

ఆ రోజు పొద్దున ఏడున్నరకు నేను లసుమవ్వ మంచం దగ్గరికి పోయాను. ఆమె మందు ఆమే తెచ్చుకునేది, మేం ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. ముందురోజు కూతురు రేణుక కొత్త సీసా ఇచ్చి పోయింది. నేను దాన్ని అరచేతుల మధ్య దొర్లించాను. ట్రేలో ఉన్న ఎర్రమూత సిరంజి తీసి, రోజూ లాగినట్టే ఇరవై నాలుగో గీత దాకా లాగాను. బుడగ లేదు. చెయ్యి వణకలేదు. చాలా చక్కగా చేశాననుకున్నాను.

“చదువు” అన్నది మైమూనక్క.

మందు పేరు చదివాను. తేదీ చదివాను.

“పూరాగ చదువు.”

“రోజూ ఇచ్చేదే కదక్కా” అన్నాను విసుగ్గా.

“రోజూ ఇచ్చేది గీ సీసా గాదు గదా. చదువు.”

సీసా తిప్పి చదివాను. ఒక మిల్లీలీటరుకు వంద యూనిట్లు. మన దగ్గర ఇళ్లల్లో వాడే సీసాలు ఎక్కువగా నలభైవి. ఎర్రమూత సిరంజి ఆ నలభైకి చేసిందే. వంద సీసాకు నారింజరంగు మూత సిరంజి వేరే ఉంటుంది. నేను వంద సీసాలో నలభై సిరంజి పెట్టాను. గీత ఇరవై నాలుగు దగ్గరే ఉంది, లోపలున్న మందు మాత్రం అరవై యూనిట్లు. రెండున్నర రెట్లు. అది లోపలికి పోతే షుగరు అమాంతం పడిపోయి, మనిషి కళ్లు తేలేయడానికి ఎక్కువసేపు పట్టదు.

మైమూనక్క ఆ సిరంజిని నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. నా మొహం వంక చూడలేదు. లసుమవ్వ వైపు తిరిగింది.

“లసుమక్కా, గీ సీసా యాడిదే?”

“మా అల్లుడు మధుకర్ మస్కట్ నుంచి తెచ్చిండు మైమూనమ్మా. ఆడి మందు బాగ పనిచేస్తదంట. మా ఇద్దరికీ చెరొకటి తెచ్చిండు” అన్నది లసుమవ్వ. చెప్పేటప్పుడు మొహం వెలిగిపోయింది.

“ఇద్దరికా? మరి రాజయ్యన్న దగ్గర సూదులు?”

“ఎప్పటియే. ఎర్ర మూతయి.”

“పొద్దుగాల ఎన్నింటికి వేసుకుంటడు?”

“గీ యాళ్లకే.”

మైమూనక్క అప్పటికే ఫోన్ తీసింది. రాజయ్య ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. నాలుగు సాంచెలు నడుస్తుంటే పక్క మనిషి అరిచినా వినబడదు, ఇక జేబులో ఫోన్ ఏం వినబడుతుంది? రాత్రి డ్యూటీ నర్సులు ఇంకా దిగిపోలేదు. వాళ్లకు వార్డు అప్పజెప్పి, లసుమవ్వకు కింద మందుల షాపు నుంచి నలభై సీసా తెప్పించి ఇద్దరు చదివి ఇవ్వమని చెప్పి, షుగరు చూసే మిషన్, గ్లూకోజు పొడి సంచిలో వేసుకుంది. భార్యను దింపి బయట చాయ్ తాగుతున్న బషీర్ గ్లాసు అక్కడే పెట్టేసి ఆటో తీశాడు. నేనూ ఎక్కాను. దారిలోనే ఆమె డాక్టరుకు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

మానేరు వంతెన మీద నేను ఏడుపు మొదలుపెట్టాను. “ఏడుస్తే సూది వెనుకకు రాదు బిడ్డా. పోయినంక మిషన్ నువ్వు పట్టాలె, నేను తాగిపిస్త” అన్నది. పని అప్పజెప్పాక ఏడుపు దానంతటదే ఆగింది.

రాజయ్య సాంచె దగ్గరే ఉన్నాడు. తెగిన పోగు అతకడానికి తంటాలు పడుతున్నాడు. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని అతికే మనిషికి వేళ్లు నిలవడం లేదు. మైమూనక్క వెళ్లి సాంచె ఆపేసింది. ఆయనకు కోపం వచ్చింది.

“ఏయ్, ఎవలు ఆపింది? కరెంటు ఉన్నప్పుడే నాలుగు మీటర్లు...” మాట తడబడింది.

“అన్నా, నేను మైమూనను. సూది వేసుకున్నవా?”

“వేసుకున్న. అల్లుడు తెచ్చింది. ముప్పై గీతలు.”

“తిన్నవా?”

“గీ కండె అయినంక తింట.”

ముప్పై గీతలంటే డెబ్బై అయిదు యూనిట్లు, ఖాళీ కడుపు మీద. ఆయన వేలు గుచ్చి చూశాను. నలభై ఎనిమిది. మనిషి ఇంకా మింగగలుగుతున్నాడు, అదే అదృష్టం. మైమూనక్క ఆయన్ను కింద కూర్చోబెట్టి, తల తన భుజానికి ఆనించుకుని, గ్లూకోజు నీళ్లు గుటకగుటకగా తాగించింది. పొయ్యి మీద గిన్నెలో అన్నం ఉంటే చక్కెర కలిపి తినిపించింది. పదిహేను నిమిషాలకు చూస్తే డెబ్బై రెండు. నేను ఊపిరి పీల్చుకుని ఇక ఫర్వాలేదన్నాను.

“ఇప్పుడే ఏమైంది? గీ మందు సాయంత్రం దాక లోపల పని చేస్తనే ఉంటది. దావఖానకు నడువ్” అన్నది.

ఆమె మాటే నిజమైంది. ఆటోలో వస్తుంటే షుగరు మళ్లీ పడిపోసాగింది. నర్సింగ్‌హోంలో గ్లూకోజు ఎక్కించి, గంటగంటకూ చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక గానీ నిలకడకు రాలేదు. డాక్టరు వచ్చి, ఇది ఎవరు పట్టుకున్నారని అడిగాడు. “వందన సీసా చదివింది సార్, దొరికింది” అన్నది మైమూనక్క. ఆయన శభాష్ అన్నాడు. తప్పుగా లాగింది నేనేనని చెప్పలేదు. అబద్ధమేమీ కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ శభాష్ మాత్రం సాయంత్రం దాకా గుచ్చుకుంటూనే ఉంది.

సాయంత్రం మధుకర్ వచ్చాడు. ఫోన్‌లో విషయం తెలిసి, ముస్తాబాద్ నుంచి రేణుకను వెంటబెట్టుకుని వచ్చాడు. మామను చూసి, అత్త ఉన్న గది గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, తల ఎత్తడం లేదు. మామ ఇంట్లో ఉన్న సీసా చేతిలో పట్టుకుని ఉన్నాడు.

“గీ రెండు సీసాలు మోరీల పారేస్తనక్కా. ప్రేమతోని తెచ్చి మామను సంపేదే ఉంటి. రేపటి నుంచి మామోళ్ల ఇంటి గడప ఎట్ల తొక్కుత?”

లోపల లసుమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రేణుక ఏడుస్తోంది. తప్పు ఎవరిదైనా, అల్లుడు ఇట్లా తలవంచుకుని మస్కట్ వెళ్లిపోతే ఆ రెండు ఇళ్ల మధ్య ఏం మిగులుతుందో అందరికీ తెలుసు. అతని సెలవు ఇంకా తొమ్మిది రోజులే.

“మందు మంచిదే కొడుకా. నువ్వు మంచిదే తెచ్చినవ్. గ్లాసు ఒక్కటే, అండ్ల పలుచటి చాయ్ పోసే కాడ చిక్కటి డికాషన్ పోసినం, గంతే. పోయి వందకు పట్టే సూదులు కొనుక్కరా. నారింజ మూత ఉంటది” అన్నది మైమూనక్క.

“నాకేం తెలుస్తదక్కా. సదువుకున్నోళ్లయితే గిట్ల చేసేటోళ్లా?”

ఆ మాటకు నేనిక ఊరుకోలేకపోయాను. “చేస్తారు. నేను చేశాను. పొద్దున మీ అత్తకు ఇదే తప్పుతో అరవై లాగాను. మైమూనక్క ఆపకపోతే ఇచ్చేసేదాన్ని” అన్నాను.

లసుమవ్వ నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను. మైమూనక్క మాత్రం నా వీపు మీద చెయ్యి వేసి, “మధుకర్, చేతులు కడుక్కో పో” అన్నది.

మందుల దుకాణాలు మూడు తిరిగి అతను నారింజ మూత సిరంజిలు తెచ్చాడు. మైమూనక్క ఉత్త నీళ్ల సీసా ఇచ్చి నాలుగుసార్లు లాగించింది. గాలి పంపమన్నది, బుడగ తట్టమన్నది, గీతను కళ్లకు సూటిగా పెట్టమన్నది. మూత మీద ఊదబోతే అతని చెయ్యి పట్టుకుని ఆపింది. నాలుగోసారి కుదిరింది. అప్పుడు అసలు సీసా ఇచ్చింది. అతను పైకి చదివాడు: పేరు, వంద, తేదీ. సిరంజి చదివాడు: వంద. లసుమవ్వ రాత్రి మోతాదు పద్నాలుగు. లాగి మా ఇద్దరికీ చూపించాడు. సరిగ్గా పద్నాలుగు.

“ఇగ నువ్వే ఇయ్యి” అన్నది మైమూనక్క.

అతను బిగుసుకుపోయాడు. మా పల్లెల్లో అత్త అల్లుడి ఎదుట పడదు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో లసుమవ్వ అతనితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం తిన్నాడా అని అడగాలన్నా కూతురితో అడిగించేది. మైమూనక్కకు ఆ సంగతి తెలియక కాదు, అంతా తెలిసే అన్నది. మేం సూది ఇస్తే మందు లోపలికి పోతుంది, అంతే. లసుమవ్వ తనను ఇంకా నమ్ముతోందో, తనకు భయపడుతోందో మధుకర్‌కు ఎప్పటికీ తెలియదు.

లసుమవ్వ కొంగు సర్దుకుంది. రవిక చేతిని భుజం దాకా మడిచింది. ఎముక తేలిన చేతిని అల్లుడి ముందుకు చాపింది.

“భయపడకు బిడ్డా, ఇయ్యి” అన్నది, సూటిగా అతని మొహంలోకి చూస్తూ.