జాకిర్ కొరికిన రొట్టె

తాష్కెంట్‌లో ఒక నూలుమిల్లు యజమాని సొంత విమానాన్ని నడిపే జాకిర్, ప్రతి కాగితాన్నీ మూడుసార్లు సరిచూసి మూలన పెన్సిలుతో చుక్క పెడతాడు. తొలి విదేశీ ప్రయాణం నాడు నలభై ఒక్క కాగితాలకూ చుక్కలు పడ్డాయి; పాస్‌పోర్టు మీద నిష్క్రమణ ముద్ర కూడా పడింది. పదిలోపు గాలిలోకి లేవకపోతే పొరుగుదేశంలోని అల్మాటీలో దిగే అనుమతి రద్దవుతుంది. తొమ్మిదిన్నరకు తల్లి రొట్టెతో పరుగున వచ్చి, దేశానికి హద్దుగా నేలమీద గీసిన పసుపు గీత ఇవతల ఆగింది.

"ఒక్కసారి కొరికి వెళ్లు నాయనా, క్షేమంగా తిరిగొచ్చేందుకు మన ఆనవాయితీ. మిగతాది నువ్వు తిరిగొచ్చేదాకా గోడకు వేలాడదీస్తా. కొరక్కుండా కదిలావో, చక్రాల కింద పడుకుంటా!"

"ఆయన దేశం దాటేశాడు పెద్దమ్మా," అన్నాడు కస్టమ్స్ అధికారి. "ఆయన కొరికింది మీరు ఇంటికి తీసుకెళ్తే దిగుమతే."

"నువ్వు సైన్యానికి వెళ్లినప్పుడు మీ అమ్మ కొరికించలేదుట్రా?"

అధికారి చెవులు ఎర్రబడ్డాయి. గీతనూ జాకిర్ మెడనూ మార్చి మార్చి చూశాడు. "కాళ్లు అక్కడే ఉంచి, తల మాత్రం స్వదేశంలోకి వంచండి."

జాకిర్ వంగి, కొరికి, లేవబోయాడు.

"ఆగండి! నోట్లో ముక్కతో లేస్తే ఎగుమతి. మింగి లేవండి."

రొట్టె నిన్నటిది. పదికి పావుగంట ఉందనగా, మాతృదేశంలో తల పెట్టి జాకిర్ శ్రద్ధగా నమిలాడు. "నిదానంగా నమలు," అంటూ తల్లి అతని వీపు నిమిరింది.

"చెయ్యి, పెద్దమ్మా, మీ చెయ్యి గీత దాటింది!"

పదికి రెండు నిమిషాల ముందు విమానం లేచింది. పాస్‌పోర్టు లేకుండా విదేశానికి వెళ్లివచ్చిన ఆ చేతిని ఏ ఫారంలో నింపాలో అధికారి ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.