మూడు చర్చీల ఓస్టాప్

ఓస్టాప్ హ్నాటివ్‌కి ఒకే ఒక్క జబ్బు. ఆదివారం పూట ఒక చర్చిలో కుదురుగా కూర్చోలేడు.

కెనడాలో, సస్కాచువాన్ గోధుమ పొలాల మధ్య పాప్లర్ బెండ్ చిన్న ఊరు. చర్చీలు మాత్రం మూడు. యుక్రేనియన్ కాథలిక్కులది ఒకటి, లూథరన్లది ఒకటి, మెన్నొనైట్లది ఒకటి. ఓస్టాప్ బాప్తిస్మం పొందింది మొదటిదాంట్లో. కానీ ఆదివారం వస్తే మూడింటికీ హాజరు వేసేవాడు. ఒకచోట పాటలకి వెళ్తే, ఇంకోచోట ప్రసంగానికి, మరోచోట దీవెనకి. ఇదేం పిచ్చయ్యా అంటే, "క్రీస్తు ఒక్కడే, నేనూ ఒక్కణ్ణే. మధ్యలో ముక్కలైంది మీరే" అనేవాడు.

ఊరికే వెళ్ళి వస్తే ఎవరికీ బాధ లేకపోయేది. ఒకచోటి అలవాటు ఇంకోచోటికి మోసుకెళ్ళేవాడు. మెన్నొనైట్ పెద్దవాళ్ళు ప్రార్థనప్పుడు వెనక్కి తిరిగి, తాము కూర్చున్న బల్ల మీద మోచేతులు ఆన్చి మోకరిస్తారు. అందరూ అలాగే తిరుగుతారు కాబట్టి అక్కడ చిక్కు లేదు. ఓస్టాప్ ఆ పని లూథరన్ల దగ్గర చేశాడు. వాళ్ళంతా బుద్ధిగా ముందుకి చూస్తుంటే, ఈయన ఒక్కడూ వెనక్కి తిరిగి, వెనక వరసలో సోల్వెగ్ గారి మొహంలోకి చూస్తూ పాపాలన్నీ ఒప్పుకున్నాడు. పాపం, ఆవిడ క్షమించక తప్పలేదు.

సొంత చర్చిలో అంతకన్నా ఘనకార్యం. ఫాదర్ మిరోస్లావ్ ప్రసంగం ముగించి బలిపీఠం వైపు తిరిగేలోపే లేచి, "సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని మెన్నొనైట్ల పద్ధతిలో అడిగాడు. ఉన్నారు. ఎన్నేళ్ళ నుంచి ఎవరడుగుతారా అని కాచుకున్నారో, ఒకరి తరవాత ఒకరు లేచారు. ఫాదర్ గారి భోజనం చల్లారిపోయింది.

మెన్నొనైట్ల దగ్గర ఓస్టాప్‌తో వేగాల్సి వచ్చింది సుసాన్నా పెనర్‌కి. ఆమె భర్త ఆబ్రాం కోతల కాలంలో పోయాడు. ఆ తరవాత ఆమె పక్కన ఆయన చోటులో ఎవరూ కూర్చోలేదు. గౌరవంగా వదిలేశారు. ఆ గౌరవం పక్కన కూర్చోవడం ఎంత కష్టమో సుసాన్నాకే తెలుసు. ఇంక మానేసి, ఇంట్లో రేడియోలో పాటలు వింటే చాలనుకుంది. సరిగ్గా ఆ ఆదివారమే ఓస్టాప్ వచ్చి ధబ్బున అక్కడ కూలబడ్డాడు. కూర్చుంటూనే సిలువ గుర్తు వేసుకున్నాడు. మోచెయ్యి తగిలి ఆమె టోపీ చెవి మీదికి జారింది.

"ఏమయ్యా, ఇక్కడ మేం అలా వేసుకోం."

"వేసుకున్నాక తీసెయ్యడం నాకు రాదమ్మా."

"పోనీ, కాస్త మెల్లిగా పాడండి."

"నేను మెల్లిగానే పాడుతున్నా. గొంతే నా మాట వినడం లేదు."

ఇంటిదాకా తిట్టుకుంటూ నడిచింది సుసాన్నా. పై వారం ఇంకా ఏం చేస్తాడో చూడాలని మళ్ళీ వెళ్ళింది. రేడియో అలాగే మూలన పడి ఉంది.

జనవరిలో, అన్ని చర్చీలవాళ్ళూ కలిసి ప్రార్థన చేసుకునే ఐక్యతా వారం వచ్చింది. మూడు సంఘాల పెద్దలూ లూథరన్ చర్చి కింది గదిలో చేరారు. అందరూ కలిసి ప్రభు భోజనం తీసుకుందామనుకున్నారు. రొట్టె పొంగి ఉండాలన్నారు ఫాదర్ మిరోస్లావ్. పల్చటి బిళ్ళలే పద్ధతన్నారు పాస్టర్ టోర్గర్. ద్రాక్షసారా ముట్టేది లేదు, ఉత్త రసమైతేనే మా వాళ్ళు గడప తొక్కుతారన్నాడు మెన్నొనైట్ పెద్ద కొర్నీలియస్ డిక్. పోనీ కాఫీతో ఐక్యమవుదామనుకున్నారు. ఎంత చిక్కగా ఉండాలన్న దగ్గర మళ్ళీ చీలిపోయారు.

అప్పుడు కొర్నీలియస్ గొంతు సవరించుకుని, "ఐక్యత సరే. ముందు ఈ ఓస్టాప్ సంగతి తేల్చండి" అన్నాడు.

గదికి ప్రాణం లేచొచ్చింది.

"మా ఇంగ్వాల్డ్ భార్య పోయిన దుఃఖంలో ఉంటే, పక్కన చేరి వెనక్కీ ముందుకీ తిరుగుతాడు" అన్నారు పాస్టర్.

"మా పరాస్కా కొడుకుని మట్టిలో పెట్టి నెల తిరగలేదు. ఆమె పక్కన కూర్చుని సాక్ష్యాలడుగుతాడు" అన్నారు ఫాదర్.

"మా దగ్గర సుసాన్నా టోపీ నిలవనివ్వడు" అన్నాడు కొర్నీలియస్.

వచ్చే ఆదివారంలోగా ఓస్టాప్ ఒక్క చర్చిని ఎంచుకోవాలి, మిగతా రెండింటి గడప తొక్కకూడదు అని తీర్మానం చేశారు. ఎవరూ కాదనలేదు. ఊరు పుట్టాక మూడు చర్చీలూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదలు. వెనక బల్ల మీద కూర్చుని అంతా వింటున్న ఓస్టాప్ లేచి చప్పట్లు కొట్టాడు. "చూశారా! కుదురుతుందని నేను చెప్పలా?"

కాఫీ పోస్తున్న సుసాన్నా చెయ్యి ఆగిపోయింది. ఇంగ్వాల్డ్, పరాస్కా, తను. ఆ మూడు పేర్లూ ఒకచోట వినడం ఆమెకి అదే మొదలు. సభలో ఎన్నడూ నోరు విప్పని మనిషి, కూజా బల్ల మీద పెట్టింది.

"ఈయన మా చర్చే ఎంచుకుంటే, ఇంగ్వాల్డ్ పక్కన ఎవరు కూర్చుంటారు?"

పాస్టర్ కప్పులోకి చూసుకున్నారు.

"పరాస్కా పక్కన?"

ఫాదర్ గడ్డం దువ్వుకున్నారు.

"మీరంతా మర్యాదస్తులు, దూరంగా కూర్చుంటారు. నా పక్కకి ఆ మర్యాద తెలియని మనిషే కావాలి."

"అది కాదు సుసాన్నా, ఆ సిలువ గుర్తులూ అవీ..." అని నసిగాడు కొర్నీలియస్.

"తగిలేది నా టోపీకి. మధ్యలో నీకేం నొప్పి?"

తీర్మానం వెనక్కి తీసుకున్నారు. ఉన్న ఒక్క ఐక్యతా అలా పోయింది.

బయట మంచులో ఓస్టాప్, దొంగతనం బయటపడ్డ మొహంతో ఆమె వెంట నడిచాడు. "నువ్వేదో అనుకుంటున్నావమ్మా. అదేం కాదు. నాకు చలి పడదు. మీ వరసలో వెచ్చగా ఉంటుందని కూర్చున్నా, అంతే."

మెన్నొనైట్ చర్చి మొత్తానికి ఆ వరసంత చల్లని చోటు లేదు. వెచ్చగా ఉంటే ప్రసంగంలో కునుకు పడుతుందని ఆబ్రాం ఏరి కోరి పట్టిన చోటది.

పై ఆదివారం ఆమె ఇంటి నుంచి ఉన్ని దుప్పటి తెచ్చి ఓస్టాప్ మోకాళ్ళ మీద పడేసింది.

"ఎందుకమ్మా ఇది?" అన్నాడు ఓస్టాప్, పళ్ళు టకటకలాడుతుంటే. "ఇక్కడ అసలే ఉక్క!"